ఏడో లంక ఇసక ఎక్కిన రోజులు

1వ రోజు

చీటీలో నా పేరు వచ్చిన సమయానికి నేను నీళ్ళ తెప్ప పక్కన మెడ లోతు సముద్రంలో ఉన్నాను. ఉప్పు తీసే యంత్రానికి నీళ్ళు లాగే గొట్టం ఉంది కదా, దాని మూతికి పాచి పట్టింది. తెప్ప అంచు పట్టుకుని వేలాడుతూ ఆ పాచి గీకుతున్నాను. పైనుంచి మా ఆయన గనిరాజు తొంగి చూశాడు.

"ఏమేవ్, నువ్వు పెద్దదానివైపోయావంట. పైకి రా."

"నలభై ఆరేళ్ళొచ్చాయి. ఇప్పుడు కొత్తగా పెద్దదాన్నవడమేంటి?"

"ఆ పెద్ద కాదే. లంకకి పెద్ద. చీటీ నీకొచ్చింది."

మా ఏడో లంకలో ముప్పై ఆరు తెప్పలు, రెండు వందల పద్నాలుగు మంది మనుషులు. తెప్పకీ తెప్పకీ మోకులు కట్టి, మధ్యలో నడవడానికి పలకలు వేసుకుని, గోదావరి సముద్రంలో కలిసేచోట లంగరు వేసి బతుకుతున్నాం. వంద రోజులకోసారి చీటీలు తీస్తారు. ఎవరి పేరొస్తే వాళ్ళు పెద్ద. కాదనడానికి లేదు. జరిగింది జరిగినట్టు ఈ పుస్తకంలో రాయాలి, తరవాత వచ్చేవాళ్ళు చదువుకోవడానికి. నాకు ముందున్నాయన వంద రోజులకీ కలిపి పదకొండు లైన్లు రాశాడు. అందులో నాలుగు వాన గురించి.

పుస్తకం చేతికిస్తూ ఆయన నాకో సలహా కూడా ఇచ్చాడు. "ఏదొచ్చినా పెట్టెనడుగు. అది చెప్పింది చెయ్యి. బాగైతే నీకు పేరు, బెడిసికొడితే పెట్టెకి పేరు. ఇంకేం చూసుకోనక్కర్లేదు."

పెట్టె అంటే లెక్కలు కట్టి సలహాలు చెప్పే యంత్రం. వంట తెప్ప మీద, ఉప్పు జాడీల పక్కన ఉంటుంది. మంచిదే. అబద్ధం చెప్పదు. చెప్పనిది తెలుసుకోలేదు, అంతే.

నేనెప్పుడూ ఎవరికీ ఏమీ చెప్పి చేయించలేదు. పంపులకి చెప్పాను, అవి కూడా సగం రోజులు వినవు. రాత్రి అన్నం సరిగా దిగలేదు.

5వ రోజు

వంట తెప్ప మీద నిలబడి టీ తాగుతుంటే పాదాలు తడిశాయి. ఇదివరకు అక్కడ తడిసేది కాదు.

ప్రతి తెప్పకీ పక్కన తెల్ల గీత ఉంటుంది, నీళ్ళు ఆ గీత దాటకూడదు. పడవ వేసుకుని ముప్పై ఆరు తెప్పలూ చుట్టి వచ్చాను. గీత కనిపించింది పదకొండింటికే. దక్షిణం వైపు తొమ్మిదింటికి గీత జానెడు లోతున ఉంది. చెయ్యి పెట్టి తడిమితే తెప్పని తేల్చే గొట్టాల నిండా ఆల్చిప్పలు, చెయ్యి పట్టే సందు లేకుండా, ఒకదాని మీద ఒకటి. ఈ రెండేళ్ళలో నీళ్ళు వెచ్చబడ్డాయి, అవి బాగా పెరిగాయి. ఆ బరువుకి లంక దిగిపోతోంది.

శ్రావణం సగం కావొస్తోంది. కార్తీకంలో గాలులు మొదలవుతాయి. ఇంత దిగిన తెప్ప మీదకి అల ఎక్కితే ముందు వరి మడులు పోతాయి, తరవాత ఇళ్ళు.

గనిరాజు వంట మనిషి కాబట్టి ఆయన దిగులు వేరు. "కూరకి పనికొస్తాయా అవి?" అని అడిగాడు.

9వ రోజు

పెట్టెకి కొలతలన్నీ చెప్పాను. పొద్దున్నే జవాబిచ్చింది. దక్షిణం వైపు తొమ్మిది తెప్పలూ బాగా పాతవి, బాగా బరువెక్కినవి. వాటిని కోసి వదిలెయ్యాలి. అక్కడి యాభై ఎనిమిది మందినీ మిగతా తెప్పల మీద సర్దాలి. మిగిలినవాటిని ఈతగాళ్ళు కొంచెం కొంచెం గీకుతూ ఉంటే గాలుల కాలం గట్టెక్కొచ్చు.

తప్పు పట్టడానికి లేని లెక్క. రెండుసార్లు చేసి చూశాను.

సాయంత్రం అందరినీ వరి మడుల తెప్ప మీదకి పిలిచి చదివి వినిపించాను. దక్షిణం వాళ్ళ తరఫున లోవకుమారి లేచింది. ఉప్పు నీళ్ళలో పండే వరిని ఆ తొమ్మిది తెప్పల మీదా నిలబెట్టింది ఆమే. నాకు మరదలి వరస. నోరు పదును, చెయ్యి అంతకన్నా పదును.

"వదినా, పెట్టె చెప్పింది విన్నాం. నువ్వేం చెప్తావో చెప్పు."

"నాకింకా తెలీదు కుమారీ."

"తెలీకపోతే ఎందుకు పిలిచావ్? మా ఇళ్ళు కోసెయ్యాలంటే మా మొకాలు చూసి నీ నోటితో చెప్పు. పెట్టె మీద పెట్టి చెప్పకు."

నాకు మొహం చెల్లలేదు. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? నాకు ముందున్నాయన సలహా ఎందుకు సుఖంగా ఉంటుందో, ఎందుకు పనికిరాదో రెండూ ఒకేసారి అర్థమయ్యాయి.

"ఏ తెప్పా కొయ్యం," అనేశాను. ఎలాగో తెలియకుండానే అనేశాను.

13వ రోజు

నాలుగు రోజులు కూర్చుని నేనే ఒక పథకం వేశాను. ఈత వచ్చినవాళ్ళు డెబ్బై మంది. అందరూ రోజూ రెండు గంటలు మునిగి గీకాలి. దక్షిణం నుంచి మొదలు. ఎవరినీ అడగలేదు. అడిగితే పది మాటలొస్తాయి, పది రోజులు పోతాయి అనుకున్నాను. పెద్దంటే అలాగే గట్టిగా ఉండాలని కూడా అనుకున్నాను. గొంతు కాస్త పెంచి చెప్పాను. జనం కూడా చకచకా దూకారు. మొదటి రోజే ఒక తెప్ప సగం శుభ్రమైంది.

చాలా గర్వంగా ఉంది. ఆ సంగతి కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

16వ రోజు

గీకిన ఆల్చిప్పలన్నీ ప్రవాహంలో కొట్టుకొచ్చి నా నీళ్ళ యంత్రం గొట్టంలోకి దూరాయి. లోపలి రెక్కలు ఐదు విరిగాయి. లంకంతటికీ మంచినీళ్ళు తయారవడం ఆగిపోయింది.

ఇరవై రెండేళ్ళుగా నేను చూసుకుంటున్న యంత్రం అది. పాటు నీళ్ళు దిగేటప్పుడు దక్షిణం నుంచి వచ్చే చెత్తంతా ఆ గొట్టం మూతికే తగులుతుందని నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పెద్దరికంలో పడి నా పని నేనే మరిచిపోయాను.

ఇది చాలదన్నట్టు, లోవకుమారి తమ్ముడికి ఆల్చిప్ప కోసుకుని అరచేతికి ఏడు కుట్లు పడ్డాయి.

సాయంత్రం మళ్ళీ అందరినీ పిలిచాను. ఈసారి పుస్తకం తెరవలేదు.

"గీకమన్నది నేను. ఎవరినీ అడక్కుండా అన్నాను. గొట్టం సంగతి నాకు తెలిసుండాలి, నా పని అది. నీళ్ళు ఆగింది నావల్ల. ఈ పిల్లాడి చెయ్యి తెగింది నావల్ల. రేపట్నుంచి ఎవరూ దూకొద్దు. ట్యాంకులో పదకొండు రోజుల నీళ్ళున్నాయి, ఈలోగా యంత్రం బాగుచేస్తాను. తెప్పల సంగతి ఏం చెయ్యాలో నాకు తెలీదు. మీలో ఎవరికైనా ఏదైనా తోస్తే, అది చిన్నదైనా సరే, వచ్చి చెప్పండి. నేను నీళ్ళ తెప్ప మీదే ఉంటాను."

తిడతారనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. లోవకుమారి నన్ను కాసేపు చూసి, "తిన్నావా?" అని అడిగింది.

17వ రోజు

పొద్దున్నే యంత్రం విప్పుకుని కూర్చుంటే ధనుష్కోటి బాబాయి వచ్చాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి. చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళు నేల మీద ఉన్న రోజుల్లో సొంత పడవ నడిపిన మనిషి. ఆరేళ్ళుగా ఏ సమావేశంలోనూ నోరు విప్పలేదు. నా పక్కన చతికిలబడి, అడక్కుండానే రెక్కల మధ్య ఇరుక్కున్న గుల్లలు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాడు.

చాలాసేపటికి అన్నాడు. "పడవకి గుల్లలు పడితే నీళ్ళలో ఉంచి గీకరమ్మాయ్. ఇసక మీదకి ఎక్కిత్తారు."

"ముప్పై ఆరు తెప్పలా బాబాయ్?"

"పెద్ద పోటుకి నీళ్ళెక్కుతాయి గదా. అప్పుడు తెప్పని ఇసక మేట మీదకి తోలుకెళ్ళి ఒదిలేత్తాం. పాటుకి నీళ్ళు దిగిపోతాయి, తెప్ప ఇసక మీద కూచుంటాది. ముందే దుంగలేసి ఉంచితే కిందకి దూరి గీకొచ్చు. మర్నాడు పొద్దుటి పోటుకి మళ్ళీ లేత్తాది. పౌర్ణమి ఎల్లిన మర్నాడి నుంచి నాలుగు రోజులు పోటు గట్టిగా ఉంటాది."

"ఇక్కడ మేట ఎక్కడుంది?"

"ఉంది. పోయినేడు వరదకి పడింది. తూర్పున, గంట దూరం. చేపలకెళ్ళినప్పుడల్లా సూత్తన్నాను."

పెట్టెకి ఎవరూ చెప్పలేదు కాబట్టి పెట్టెకి తెలియదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఈయన చెప్పలేదు.

"మరి మొదటిరోజే ఎందుకు చెప్పలేదు బాబాయ్?"

ఆయన గుల్లలు తీస్తూనే ఉన్నాడు. ఆరేళ్ళ క్రితం ఆయనే పెద్ద. గాలి వస్తోందని నారు తెప్పని పక్కకి లాగించాడు. మోకు తెగి తెప్ప సముద్రంలోకి పోయింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు, కాని ఆ ఏడాదంతా లంకలో ఒంటిపూట అన్నమే. అప్పట్నుంచి లంకలో ఏది పోయినా, గరిటె పోయినా సూది పోయినా, "ధనుష్కోటి తెప్పెక్కి పోయింది" అనడం అలవాటైంది. నేనూ అన్నాను. నవ్వుకుంటూనే అన్నాను.

"నిన్న నువ్వు నావల్లే అని లేచి చెప్పావు," అన్నాడు. "తరవాత నీకు అన్నం పెట్టారు. అది సూసి వచ్చాను."

నేను ఆయన మొహం చూడలేక స్పానర్ వెతుక్కున్నాను.

18వ రోజు

ఇద్దరం పడవలో వెళ్ళి మేట చూసి వచ్చాం. అరమైలు పొడుగు, వెన్నలాగా నున్నగా. బాబాయి దిగి కాలితో తొక్కి చూశాడు, పిడికిట్లో పిండి చూశాడు, వాసన చూశాడు. ఎందుకని అడిగితే "బురద కలిస్తే పట్టేసుకుంటాది, తెప్ప లేవదు" అన్నాడు. బురద లేదు. పోటు ఎంత ఎక్కుతుందో చూడ్డానికి గెడలు పాతాం. ఇకనుంచి రోజూ వచ్చి చూస్తానన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఆపకుండా మాట్లాడాడు. ఆరేళ్ళ మాటలు. నేను పడవ నడుపుతూ విన్నాను.

21వ రోజు

సమావేశంలో బాబాయినే చెప్పమన్నాను. ఆయన పలకల మీద సుద్దతో గీస్తూ చెప్పాడు. పెట్టెకి గెడల లెక్కలు ఇస్తే అది కూడా కుదురుతుందంది, తొమ్మిదేసి తెప్పల చొప్పున నాలుగు రోజులు.

లోవకుమారి లేచింది. "బాబాయంటే నాకు గౌరవమే. కానీ ఒకసారి తెప్ప పోయింది. ఈసారి మా ఇళ్ళే ముందు మోకులిప్పుకుని వెళ్తాయి. పోతే ఎవరిది పూచీ?"

"నాది," అన్నాను. "వెళ్ళాలన్న నిర్ణయం నాది, అది ఈ పుస్తకంలో నా పేరుతోనే రాస్తాను. మేట మీద ఎలా చెయ్యాలన్నది మాత్రం బాబాయి మాట. అక్కడ నేను కూడా ఆయన చెప్పినట్టే వింటాను. ఇక నీకొక పని."

"నాకా?"

"నీ కంటికి తప్పు కనిపించినంత తొందరగా ఎవరికీ కనిపించదు. నువ్వు పడవలో తిరుగుతూ చూడు. ఏది బాగోలేకపోయినా 'ఆపు' అను. నువ్వు ఆపు అంటే బాబాయి అయినా, నేనైనా, ఎవరైనా ఆగాలి. ఎందుకని అడక్కూడదు. ఆగాక అడుగుతాం."

ఆమె కొంగు నడుముకి దోపుకుంటూ అటూ ఇటూ చూసింది. "అంటే ఇన్నాళ్ళూ ఊరికే చేస్తున్న పనిని ఇప్పుడు ఉద్యోగం చేశావన్నమాట," అంది.

మొదటిసారి అందరూ నవ్వారు. బాబాయి కూడా.

పనులు పంచుకున్నాం. ఒకచోటే బాబాయికీ నాకూ కుదరలేదు. అన్నిటికన్నా బరువైన నీళ్ళ తెప్పని మొదటి రోజే, పోటు గట్టిగా ఉన్నప్పుడే ఎక్కించాలన్నాడాయన. కొయ్యాలనుకున్న ఇళ్ళే ముందు బాగుపడాలి, పైగా పని జరిగినన్నాళ్ళూ అందరికీ నీళ్ళు కావాలి, నాది చివర పెట్టమన్నాను. ఆయన తల గోక్కుని ఒప్పుకున్నాడు.

40వ రోజు

పౌర్ణమి నిన్న. పొద్దున ఎనిమిదింటికి దక్షిణం తెప్పలు తొమ్మిదీ మోకులిప్పుకుని బయల్దేరాయి. ముందు ఎండతో నడిచే మోటారు పడవలు లాగుతుంటే, వెనకాల ఇళ్ళు, ఇళ్ళ ముందు ఆరేసిన బట్టలు, వరి మడులు, ఒక మేక, అన్నీ వరసగా సముద్రం మీద నడిచి వెళ్తున్నట్టుంది. మేట దగ్గర బాబాయి నడుం లోతు నీళ్ళలో నిలబడి చేతులతో చూపిస్తున్నాడు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. తొమ్మిది తెప్పలూ దుంగల మీదకి వచ్చి నిలిచాయి. నీళ్ళు దిగుతుంటే ఒక్కొక్కటే మెల్లగా మూలిగి కూర్చుంది.

మధ్యాహ్నానికి మేటంతా బయటపడింది. పిల్లల్ని దించాం.

లంకలో పుట్టిన పిల్లలు నలభై మంది ఉంటారు. కదలని నేల మీద వాళ్ళు ఎప్పుడూ నిలబడలేదు. దిగీ దిగగానే సగం మంది చతికిలబడ్డారు. ఒక పిల్ల ఇసకని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, "పిన్నీ, ఇదెందుకు ఊగట్లేదు?" అని నన్నడిగింది. ఏం చెప్పాలి? "ఇది ఇలాగే ఉంటుందమ్మా," అన్నాను. కాసేపటికి ఒకడు లేచి పరిగెత్తాడు. లంక మీద పరిగెత్తితే పది అడుగులకి అంచు వస్తుంది. వీడు పరిగెత్తాడు, పరిగెత్తాడు, అంచు రాలేదు. దూరంగా వెళ్ళాక ఆగి వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు, నమ్మలేనట్టు. ఇక నలభై మందీ పరుగే. వాళ్ళ వెనక మేక.

పెద్దవాళ్ళం తెప్పల కింద దూరి గీకుతున్నాం. గీకినవి గీకినట్టే గనిరాజు గంపలతో మోసుకుపోయాడు. మేట మీదే పొయ్యిలు పెట్టాడు. ఆల్చిప్పల కూరలో చింతచిగురు వేశాడు. ఇంత బరువు లంక కింద పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎండుచేపలు తిన్నామని అందరూ బాధపడ్డారు.

నేను వాళ్ళందరికీ బిందెతో నీళ్ళు అందించాను. లంక పెద్దగా ఆ రోజు నా పని అదే.

42వ రోజు

ఇరవై ఏడో తెప్ప మేటెక్కుతుండగా లోవకుమారి "ఆపు" అంది. బాబాయి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పడవలు ఆగాయి. పోటు ఆగదు కదా, ఒక్కొక్క నిమిషమే పోతోంది. ఎవరూ ఎందుకని అడగలేదు. ఆమె నీళ్ళలోకి దూకి మోకు తడిమి పైకెత్తింది. పలక కింద రాపిడికి మూడు పురుల్లో రెండు తెగి ఉన్నాయి. ఇంకో లాగు లాగితే తెప్ప వెళ్ళి పక్కదాని మీద పడేది. ఆ రెంటి మధ్య నీళ్ళలో పన్నెండు మంది ఉన్నారు.

మోకు మార్చారు. పని సాగింది. బాబాయి నీళ్ళలో నడుచుకుంటూ ఆమె పడవ దగ్గరకి వెళ్ళి పడవ అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ రోజు నువ్వుంటే నా నారు తెప్ప పోయేది కాదమ్మా," అన్నాడు.

"ఆ రోజు నేనున్నాను బాబాయ్," అంది ఆమె. "మోకు సంగతి చూశాను. చిన్నదాన్ని, ఎవరు వింటార్లే అని ఊరుకున్నాను."

నేను పక్కకి తిరిగి బిందెలు సర్దుకున్నాను.

43వ రోజు

ఆఖరి తొమ్మిది. ఎనిమిది ఎక్కాయి. మిగిలింది నా నీళ్ళ తెప్ప. పోటు తగ్గుముఖం పట్టింది, మొదటి రోజుకన్నా జానెడు తక్కువ. తెప్ప మేట అంచుకి తగిలి ఆగిపోయింది. పడవలన్నీ లాగినా కదల్లేదు.

బాబాయి నా దగ్గరకొచ్చాడు. మొదటి రోజే ఎక్కించమన్నానని ఒక్క ముక్క అనలేదు. "అరగంట ఉంది. ట్యాంకు ఖాళీ చేస్తే ఎక్కుతాది," అన్నాడు.

యంత్రం బాగయ్యాక మళ్ళీ నింపుకున్న పదకొండు రోజుల మంచినీళ్ళు. ఖాళీ చేశాక రేపు తెప్ప ఇసక మీంచి లేవకపోతే యంత్రానికి సముద్రం అందదు. అమావాస్య పోటు దాకా పది పన్నెండు రోజులు రెండు వందల పద్నాలుగు మందికీ చుక్క నీళ్ళుండవు. గీకకుండా వెనక్కి తీసుకుపోతే, లంక నడిమధ్య ఉండే తెప్ప అది, కార్తీకం గాలిలో చుట్టూ ఉన్నవాటిని కూడా కిందకి లాగుతుంది. తెప్ప మళ్ళీ లేవడానికి నూటికి అరవై వంతులు ఉందని పెట్టె చెప్పింది.

"లేస్తుందా బాబాయ్?"

"తెలీదమ్మాయ్. లేత్తాదనుకుంటన్నాను."

"కుమారీ?"

"నేను ఆపు అనట్లేదు," అంది లోవకుమారి. అంతే అంది.

ఇక మిగిలింది నేను. ఇలాంటప్పుడు పక్కన ఎంతమంది ఉన్నా మాట మాత్రం ఒకే నోట్లోంచి రావాలి. "ముందు బిందెలూ డబ్బాలూ అన్నీ నింపండి. మూడు రోజులకి సరిపడా దాచండి. మిగిలింది వదిలెయ్యండి," అన్నాను.

బిందెలు నిండాక ట్యాంకు అడుగు కుళాయిలు ఆరూ నేనే తిప్పాను. ఇరవై రెండేళ్ళుగా చుక్క చుక్క లెక్కపెట్టి ఇచ్చిన చేతులివి. మనిషికి రోజుకి రెండు చెంబుల స్నానం మా లంక నియమం. తొలిధార మీదకి గనిరాజు చొక్కాతోనే వచ్చి తల పెట్టాడు.

"పోయేవి ఎలాగూ పోతున్నాయి కదే. నా నెత్తి మీంచి పోనీ."

తరవాత ఇక అదుపు లేదు. పిల్లలు వచ్చారు, ముసలివాళ్ళు వచ్చారు. ఆడవాళ్ళు జుట్లు విప్పుకుని కుళాయిల కింద కూర్చున్నారు. వాన తప్ప, ఉప్పు లేని నీళ్ళు ఒంటి మీంచి ధారగా పారడం చాలామందికి అదే మొదటిసారి. ఎనభై ఏళ్ళ ముసలమ్మ ఒకావిడ కళ్ళు మూసుకుని, "మా ఊరి పంటకాలవలాగుందే," అంటూ ఎంతకీ లేవలేదు. లోవకుమారి పడవలోంచి దూకి వచ్చి నన్ను కూడా కుళాయి కిందకి లాగింది. నీళ్ళు తీపిగా ఉన్నాయి. నేను చేసిన నీళ్ళే, ఎంత బాగుంటాయో నాకే తెలియదు.

వాళ్ళు స్నానాలు చేస్తుండగానే తెప్ప వేలి మందం, తరవాత బెత్తెడు పైకి లేచింది. బాబాయి చెయ్యి ఊపాడు. తడి బట్టలతోనే వందమందిమి నీళ్ళలోకి దిగి భుజాలు ఆనించాం. తెప్ప గరగరమంటూ మేటెక్కింది.

44వ రోజు

పొద్దున పోటుకి అందరం చుట్టూ నిలబడ్డాం. నీళ్ళు మడమలకి వచ్చాయి, మోకాళ్ళకి వచ్చాయి. మిగతా ఎనిమిదీ ఒక్కొక్కటిగా లేచి తేలిపోయాయి. నాది కదల్లేదు. నీళ్ళు తొడల దాకా వచ్చి నిలిచిపోయాయి. బాబాయి తెప్ప మీద అరచెయ్యి ఆనించి, నాడి చూస్తున్న వైద్యుడిలా ఉన్నాడు.

"కిందవైపు నలుగురు రండి," అన్నాడు మెల్లగా. "తొయ్యొద్దు. ఊపండి."

ఊపాం. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి నా అరచేతుల కింద తెప్ప తేలిగ్గా వెనక్కి జరిగింది. ఇసక వదిలేసింది. తెల్ల గీత నీళ్ళకి జానెడున్నర పైన ఉంది.

అరిచినవాళ్ళు అరిచారు. నేను మాత్రం యంత్రం దగ్గరకి పరిగెత్తి మీట నొక్కాను. గంట తరవాత మొదటి చెంబు వచ్చింది. బాబాయికిచ్చాను. ఆయన సగం తాగి నాకిచ్చాడు.

82వ రోజు

కార్తీకం గాలి రెండు రోజులు ముందే వచ్చింది. పొద్దున్నుంచీ అలలు తెప్పల ఒంటికి కొట్టుకుంటున్నాయి, పైకి ఎక్కడం లేదు. మడుల్లో వరి తల ఊపుతూ నిలబడే ఉంది.

పదింటప్పుడు ఉత్తరం వైపు ఏదో పెద్దగా విరిగిన చప్పుడైంది. పలకల మీంచి పడుతూ లేస్తూ పరిగెత్తాను. దారి పొడుగునా ఎవరికి ఏ పని చెప్పాలో మనసులో అనుకుంటూనే ఉన్నాను.

నేను వెళ్ళేసరికి విరిగిన పలక తీసేసి కొత్తది బిగిస్తున్నారు. లోవకుమారి తమ్ముడు, చేతికి కుట్లు పడ్డవాడే, మోకు పట్టుకుని నిలబడ్డాడు. ధనుష్కోటి బాబాయి వానలో తడుస్తూ, ముడి అలా కాదు ఇలా అని ఎవరినో గట్టిగా కేకలేస్తున్నాడు. ఆ తిట్లు తింటున్నవాళ్ళు నవ్వుతున్నారు. ఒకరిద్దరు నన్ను చూసి తలలాడించి మళ్ళీ పనిలో పడ్డారు.

"ఎందుకొచ్చావ్ వదినా?" అంది లోవకుమారి, నోట్లో మేకులు పెట్టుకుని. "ఇక్కడ చోటు లేదు, అడ్డం."

కాసేపు మనసు చివుక్కుమన్న మాట నిజం. నేను లేకుండా, నన్ను పిలవకుండా, ఒక్క మాటైనా అడగకుండా చేసేసుకుంటున్నారు. తిరిగి నడుస్తుంటే, సగం దారిలో ఎందుకో నవ్వొచ్చింది. ఆపుకోలేక వానలో పలక మీద ఒక్కదాన్నే నిలబడి నవ్వాను.

ఇంటికెళ్తే గనిరాజు వేడివేడిగా ఉలవచారు కాచి పెట్టాడు. "ఏమైంది అక్కడ?" అన్నాడు.

"ఏమో, వాళ్ళనడగాలి," అన్నాను. రెండుసార్లు అన్నం వడ్డించుకుని తిని, గాలి హోరున వీస్తుంటే, పట్టపగలు హాయిగా నిద్రపోయాను.